వెబ్‌క్యామ్ ఎవరికి చాలు, కెమెరా ఎవరికి కావాలి: సీ920, జెడ్‌వీ-ఈ10 పక్కపక్కన

చీరలు లైవ్‌లో అమ్మేవాళ్లకు తెలిసిన బాధ ఒకటుంది. స్క్రీన్ మీద వంకాయ రంగులో కనిపించిన చీర, ఇంటికి చేరాక విప్పి చూస్తే మెరూన్. కొన్నవాళ్లు తిప్పి పంపిస్తారు, రానూపోనూ కొరియర్ ఖర్చు అమ్మినవాళ్ల నెత్తిన పడుతుంది. ఆన్‌లైన్‌లో వీణ నేర్పేవాళ్ల బాధ ఇంకోరకం. మెట్టు మీద తీగను లాగి గమకం పలికిస్తుంటే, అవతల డల్లాస్‌లో కూర్చున్న పిల్లకు వేళ్లు ఉండాల్సిన చోట మసక చార కనిపిస్తుంది. ఇద్దరికీ దొరికే సలహా ఒక్కటే: "మంచి కెమెరా కొనండి." ఇద్దరిలో ఒకరికి అది సరైన సలహా. ఇంకొకరికి అరవై వేలు దండగ.

పోలికకు తీసుకున్నవి రెండు. ఒకటి లాజిటెక్ సీ920. 2012లో వచ్చిన మోడల్, ఇన్నేళ్లయినా అంగళ్లలో దొరుకుతోంది. 1080పీలో సెకనుకు 30 ఫ్రేములు, 78 డిగ్రీల వెడల్పు, ఆటోఫోకస్. ధర ఆరు వేల నుంచి తొమ్మిది వేల మధ్య ఊగుతుంటుంది. రెండోది సోనీ జెడ్‌వీ-ఈ10. 2021 మోడల్, 24 మెగాపిక్సెళ్ల ఏపీఎస్-సీ అనే పెద్ద సైజు సెన్సర్, లెన్స్ మార్చుకోవచ్చు. పెట్టెలో కెమెరాతోపాటు వచ్చే 16-50 మి.మీ. కిట్ లెన్స్‌తో కలిపి అరవై వేలు దాటుతుంది. దాన్ని కంప్యూటర్‌కు కలపడానికి అయ్యే ఖర్చు వేరే.

సెన్సర్ లెక్క, దాన్ని తినేసే లెన్స్ లెక్క

జెడ్‌వీ-ఈ10 సెన్సర్ 23.5 × 15.6 మి.మీ. వీడియో అడ్డంగా పొడుగ్గా ఉంటుంది కాబట్టి పైనా కిందా కొంత పోగా మిగిలేది సుమారు 310 చదరపు మిల్లీమీటర్లు. మంచి వెబ్‌క్యామ్‌లో ఉండే 1/2.8 అంగుళాల సెన్సర్ (రేజర్ కియో ప్రోలో ఉన్నది ఈ సైజే) దాదాపు 5.6 × 3.2, అంటే 18 చదరపు మిల్లీమీటర్లు. పదిహేడు రెట్ల తేడా. చిన్న సెన్సర్ పట్టే వెలుతురు తక్కువ, అందుకే దాన్ని బలవంతంగా పెంచి చూపించాల్సి వస్తుంది. పెంచితే గింజలు లేస్తాయి. ఆ గింజల్ని వెబ్‌క్యామ్ లోపలి చిప్ తుడిచేస్తుంది, గింజలతోపాటు వెంట్రుకలూ నేత గీతలూ పోతాయి. ముఖం మైనం బొమ్మలా కనిపించడానికి కారణం ఇదే.

ఈ పదిహేడు రెట్లు పూర్తిగా చేతికి దక్కవు. ఆ వెబ్‌క్యామ్ లెన్స్ ఎఫ్/2 (ఎఫ్ పక్కన అంకె పెరిగేకొద్దీ లెన్స్ లోపలికి వదిలే వెలుతురు తగ్గుతుంది). సోనీ కిట్ లెన్స్‌ను 50 మి.మీ. దాకా జూమ్ చేస్తే ఎఫ్/5.6 అవుతుంది. లెన్స్ దగ్గరే వెలుతురు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. సెన్సర్ సైజునూ దీన్నీ కలిపి చూస్తే అరవై వేల కెమెరాకు మిగిలే ఆధిక్యం రెండింతలకు కాస్త పైన. అదే లెన్స్‌ను 16 దగ్గర, ఎఫ్/3.5లో ఉంచితే ఐదున్నర రెట్లు. సిగ్మా 30 మి.మీ. ఎఫ్/1.4 లాంటిది తగిలిస్తే ముప్పై అయిదు రెట్లు. కిట్ లెన్స్‌తో కెమెరా కొని "వెబ్‌క్యామ్‌కీ దీనికీ పెద్ద తేడా ఏముంది" అని నీరసపడేవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లు జూమ్ చేసి దూరం నుంచి తీస్తున్నారు, అదీ గది ట్యూబ్‌లైట్ కింద. కెమెరాను దగ్గరికి జరిపి, జూమ్ వెనక్కి తీస్తే సగం ఫిర్యాదు తీరిపోతుంది.

యూఎస్‌బీ గొట్టం ఎంత సన్నం

1920 × 1080 పిక్సెళ్లు, ఒక్కోదానికి 2 బైట్లు, సెకనుకు 30 సార్లు. గుణిస్తే సెకనుకు 124 మెగాబైట్లు, అంటే దాదాపు 1,000 మెగాబిట్లు. సీ920 వాడే యూఎస్‌బీ 2.0 కాగితం మీదే 480 మెగాబిట్లు, చేతికొచ్చేది అంతకన్నా తక్కువ. కాబట్టి బొమ్మ కంప్యూటర్‌కు చేరకముందే వెబ్‌క్యామ్ దాన్ని ఎంజేపెగ్‌గా నొక్కేస్తుంది. ప్రతి ఫ్రేమూ ఒక జేపెగ్ ఫొటో అన్నమాట. జేపెగ్ బొమ్మను 8 × 8 గడులుగా విడగొడుతుంది, రంగు వివరాన్ని వెలుగునీడల కన్నా తక్కువగా దాస్తుంది. నుదుటి మీద కుంకుమ బొట్టును దగ్గరగా చూడండి. అంచు గుండ్రంగా తెగదు, ఎరుపు చర్మంలోకి కాస్త కారినట్టుంటుంది. ఇప్పటికే ఇలా నలిగిన బొమ్మను వీడియో కాల్ యాప్ జూమ్ మళ్లీ నొక్కుతుంది.

యూఎస్‌బీ 3.0 వెబ్‌క్యామ్‌లకు ఈ మొదటి నలుగుడు తప్పనిసరి కాదు. ఎల్‌గాటో ఫేస్‌క్యామ్ 1080పీని సెకనుకు 60 ఫ్రేములతో నొక్కకుండా పంపుతుంది. కానీ దానిది కదలని ఫోకస్. మనిషి కూర్చునే దూరానికి బాగుంటుంది, కమ్మల జతను లెన్స్ ముందుకు తెచ్చి చూపిస్తే మసకే. నగలు అమ్మేవాళ్లు ఈ ఒక్క కారణానికి దాన్ని పక్కన పెట్టాలి.

ఇక జూమ్ సంగతి. మామూలు మీటింగ్‌లో పైకెళ్లేది 720పీ, మనుషులు ఎక్కువైతే ఇంకా తగ్గుతుంది. 720పీకి జూమ్ వాళ్లు చెప్పే లెక్క 1.2 మెగాబిట్లు. కెమెరా దగ్గర బయలుదేరింది వెయ్యి, అవతలికి చేరేది ఒకటిన్నర కూడా కాదు. ఖరీదైన లెన్స్ పట్టిన సన్నని వివరం దారిలోనే రాలిపోతుంది. అందుకే వీణ పాఠానికి సీ920 చాలు. దాన్ని కొన్నది కొన్నట్టు వాడకపోతే చాలు.

వెబ్‌క్యామ్‌ను దారికి తేవడం

వేళ్లు మసకబారడానికి ముఖ్య కారణం రిజల్యూషన్ కాదు. గది చీకటిగా ఉంటే వెబ్‌క్యామ్ ఒక్కో ఫ్రేమును ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది. అదీ చాలకపోతే 30 ఫ్రేముల్ని 15కి దించేస్తుంది. సెకనులో పదిహేనో వంతు కాలంలో గమకం వేసే వేలు మెట్టు మీద పోయి వచ్చేస్తుంది, బొమ్మలో చారగా పడుతుంది.

దీన్ని సరిచేయడానికి ఓబీఎస్ అనే వీడియో ప్రోగ్రామ్ ఉచితంగా దొరుకుతుంది. 'వీడియో క్యాప్చర్ డివైస్' అని సోర్స్ చేర్చి, అందులో 'కాన్ఫిగర్ వీడియో' నొక్కండి. రెండు ట్యాబులున్న పాత విండోస్ పెట్టె తెరుచుకుంటుంది. కెమెరా ట్యాబులో 'లో లైట్ కాంపెన్సేషన్' టిక్ తీసేయండి. ఫ్రేములు పడిపోవడం ఆగుతుంది. ఎక్స్‌పోజర్ పక్కన ఆటో తీసేసి మైనస్ 5 పెట్టండి. ఈ అంకెలు రెండు రెట్ల లెక్కలో నడుస్తాయి: మైనస్ 5 అంటే సెకనులో 32వ వంతు, మైనస్ 6 అంటే 64వ వంతు, మైనస్ 7 అంటే 128వ వంతు. వేళ్లు స్పష్టంగా కావాలంటే మైనస్ 6 గానీ 7 గానీ కావాలి, దానికి తగ్గ వెలుతురూ కావాలి. ఫోకస్ ఆటో కూడా తీసేసి, వీణ దూరానికి ఒకసారి జరిపి వదిలేయండి. లేకపోతే చెయ్యి ఊగినప్పుడల్లా బొమ్మ ఊపిరి పీల్చినట్టు ముందుకీ వెనక్కీ పోతుంది.

ఇంకో ట్యాబులో 'పవర్‌లైన్ ఫ్రీక్వెన్సీ' ఉంటుంది. మన దగ్గర కరెంటు 50 హెర్ట్‌జ్, అమెరికాలో 60. చుట్టాలు అక్కణ్నుంచి తెచ్చిన వెబ్‌క్యామ్‌లో 60 మీద ఉండిపోతే బొమ్మ మీద నీడ పట్టీలు మెల్లగా పాకుతుంటాయి. 50కి మార్చితే ఆటో ఎక్స్‌పోజర్‌లో అవి పోతాయి. ఇక్కడొక చిక్కుంది. మన దీపాలు సెకనుకు 100 సార్లు మిణుకుతాయి. 64వ వంతు దానికి కలవదు. అందుకని మైనస్ 6లో చోక్ ఉన్న పాత ట్యూబ్‌లైట్ల కిందా, నాసిరకం ఎల్‌ఈడీల కిందా పట్టీలు మళ్లీ కనిపించవచ్చు. అప్పుడు మార్చాల్సింది దీపాన్ని. వెబ్‌క్యామ్ తప్పేమీ లేదు.

విండోస్‌లో వెబ్‌క్యామ్‌ను సాధారణంగా ఒక ప్రోగ్రామే పట్టుకోగలదు. సెట్టింగులయ్యాక ఓబీఎస్ మూసి జూమ్ తెరవండి, లేదా ఓబీఎస్‌లోనే 'వర్చువల్ కెమెరా' మొదలుపెట్టి జూమ్‌లో దాన్ని ఎంచుకోండి. జూమ్ వీడియో సెట్టింగుల్లో హెచ్‌డీ టిక్ పెట్టారో లేదో చూసుకోండి. సంగీతం నేర్పేవాళ్లు బొమ్మ కన్నా ముందు ఆడియోలో 'ఒరిజినల్ సౌండ్ ఫర్ మ్యుజీషియన్స్' పెట్టుకోవాలి. అది లేకపోతే జూమ్ వీణ నాదాన్ని ఫ్యాన్ చప్పుడు అనుకుని కోసేస్తుంది. పిల్లలు నేర్చుకునేది చెవితో, ఈ ఒక్క సెట్టింగ్ మరిచిపోతే ఎంత మంచి బొమ్మైనా ఉపయోగం లేదు.

వెయ్యి రూపాయల దీపం

మన ఇళ్లలో ట్యూబ్‌లైట్ గోడకు ఎత్తున ఉంటుంది. దానికి వీపు పెట్టి కూర్చుంటే ముఖం చీకటి, గోడ తెల్లగా వెలిగిపోతుంది. 20 వాట్ల ఎల్‌ఈడీ బ్యాటన్ ఒకటి తీసుకోండి. సుమారు 2,000 ల్యూమెన్లు ఇస్తుంది. కంటికన్నా కొంచెం ఎత్తులో, ముఖానికి పక్కవాటుగా, మూడడుగుల దూరంలో నిలబెట్టి, ముందు పాత తెల్ల పంచె ఒక పొర వేలాడదీయండి. వెలుతురు మెత్తబడుతుంది, ముక్కు నీడ కరిగిపోతుంది. కళ్లద్దాలుంటే రింగ్‌లైట్ వద్దు, రెండు కళ్లలోనూ తెల్లటి గాజులు కనిపిస్తాయి. ఈ ఏర్పాటుతో సీ920, చీకటి గదిలో కిట్ లెన్స్‌తో ఉన్న జెడ్‌వీ-ఈ10 పక్కన ధైర్యంగా నిలబడుతుంది.

చీరల విషయంలో దీపం ఇంకా ముఖ్యం. చవక ఎల్‌ఈడీలు ముదురు ఎరుపును సరిగ్గా చూపించవు, మెరూన్ కాఫీపొడి రంగులోకి పోతుంది. డబ్బా మీద సీఆర్‌ఐ (దీపం రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె) 90 పైన ఉన్నవే కొనండి. కిటికీ వెలుగు, పసుపు బల్బు, తెల్ల ట్యూబు మూడూ కలిపితే ఏ కెమెరా అయినా తికమకపడుతుంది. ఒకే రంగు వెలుగు ఉంచి మిగతావి ఆపేయండి.

ఇక ఆ వంకాయ రంగు ఎలా వస్తుందంటే, ఫ్రేము నిండా మెరూన్ చీర పరిచినప్పుడు ఆటో వైట్ బ్యాలెన్స్ దీపమే ఎర్రగా ఉందనుకుంటుంది. దాన్ని విరిచేయడానికి నీలం కలుపుతుంది. కాబట్టి చీర పరచకముందే తెల్ల కాగితం పెట్టి ఆటో తీసేయాలి. సీ920లో వైట్ బ్యాలెన్స్ స్లయిడర్ 2000 నుంచి 6500 కెల్విన్ల వరకు (వెలుగు రంగుకు కొలత అది). మనం వాడే 'కూల్ డేలైట్' బల్బులు 6500, అంటే స్లయిడర్ చివరంచు. ఇంకా సర్దడానికి చోటుండదు. 5000 ప్రాంతంలో ఉండే దీపాలు తెచ్చుకుంటే ఇటూ అటూ జరపడానికి వీలుంటుంది. జెడ్‌వీ-ఈ10లో అయితే 'కస్టమ్ వైట్ బ్యాలెన్స్'లో కాగితాన్ని చూపించి నొక్కితే అయిపోతుంది.

చీర దగ్గర కెమెరా గెలిచే చోటు

రంగు దాకా వెబ్‌క్యామ్‌తో లాక్కురావచ్చు. నేత దగ్గర అది ఓడిపోతుంది. జరీ అంచును చూడండి. వెబ్‌క్యామ్ లోపలి షార్పెనింగ్ ప్రతి పోగు పక్కనా తెల్లటి గీత గీస్తుంది, జరీ కాస్తా బంగారు కాగితం అతికించినట్టు చదునుగా కనిపిస్తుంది. జెడ్‌వీ-ఈ10లో మంచి లెన్స్‌తో చూస్తే పోగుల మధ్య పట్టు కనిపిస్తుంది, చీరను కదిపినప్పుడు మెరుపు ఒక మడత మీంచి ఇంకో మడతకు జారుతుంది. పోచంపల్లి ఇక్కత్‌లో రంగు అంచులు నీరు పీల్చినట్టు మెత్తగా కలవాలి. చేతి పనికి అదే గుర్తు. వెబ్‌క్యామ్ ఆ అంచును గట్టిపరిచి ప్రింటు చీరలా చూపిస్తుంది. మంగళగిరి సన్నచారలు మాత్రం రెండింటినీ ఇబ్బంది పెడతాయి, చారల మీద ఇంద్రధనుస్సు అలలు తేలతాయి. చీరను కొంచెం ఏటవాలుగా తిప్పినా, కెమెరాను ఒక అడుగు జరిపినా తగ్గుతాయి.

జెడ్‌వీ-ఈ10లో 'ప్రొడక్ట్ షోకేస్' అనే బటన్ ఉంది. దాన్ని ఒకసారి నొక్కి ఆన్ చేస్తే చేతిలో ముందుకు చాపిన వస్తువు మీదికి ఫోకస్ వెంటనే దూకుతుంది, పక్కకు తీస్తే ముఖానికి తిరిగొస్తుంది. లైవ్‌లో కొంగు చూపించి, వెంటనే ధర చెప్పేవాళ్లకు దీని విలువ మాటల్లో చెప్పలేం. వెనక చోటును మసకబరచడం కూడా ఇక్కడ లెన్స్ పని. జూమ్‌లో సాఫ్ట్‌వేర్ చేసే మసకైతే జడలో మల్లెదండను సగం కోసేస్తుంది, ఊగే బుట్టకమ్మను ఒక క్షణం మింగి మళ్లీ బయటికి తీస్తుంది. ఎఫ్/1.4కి పూర్తిగా తెరిస్తే మాత్రం కన్ను స్పష్టం, చెవి మసక అవుతుంది. చీరలు చూపించేటప్పుడు ఎఫ్/4 దగ్గర ఉంచండి.

కలిపే తిప్పలు

జెడ్‌వీ-ఈ10ను యూఎస్‌బీ తీగతో నేరుగా కంప్యూటర్‌కు తగిలిస్తే వెబ్‌క్యామ్‌లా పనిచేస్తుంది, 720పీలో మాత్రమే. జూమ్‌కు సరే. యూట్యూబ్ లైవ్‌కు 1080పీ కావాలంటే హెచ్‌డీఎంఐ తీగ, ఆ బొమ్మను కంప్యూటర్‌లోకి ఎక్కించే క్యాప్చర్ కార్డ్ తప్పవు. మంచివి, ఎల్‌గాటో క్యామ్ లింక్ 4కే లాంటివి, పది వేల చుట్టూ ఉంటాయి. వెయ్యి రూపాయల చిన్న డబ్బాల్లో చాలావాటిలో ఎంఎస్2109 అనే చిప్ ఉంటుంది. ప్లగ్గు లోపల నీలం రంగు వేసినా అది యూఎస్‌బీ 2.0నే. పట్టుకోవడం తేలిక: ఓబీఎస్‌లో రిజల్యూషన్‌ను 'కస్టమ్' చేసి 1920 × 1080, ఫార్మాట్ వైయూవై2 (నొక్కని బొమ్మ) ఎంచుకోండి. 5 ఫ్రేములకు మించి ఇవ్వకపోతే 2.0 కార్డే. అప్పుడు మళ్లీ ఎంజేపెగ్, మళ్లీ ఎరుపు కారడం. కెమెరాకు పెట్టిన డబ్బు గొంతు దగ్గర ఆగిపోయినట్టే. నలుపు బూడిద రంగులో తేలుతుంటే ఓబీఎస్‌లో 'కలర్ రేంజ్'ను ఫుల్, లిమిటెడ్ మధ్య మార్చి చూడండి, ఒకదానిలో సర్దుకుంటుంది.

కెమెరాలో ముందే మార్చాల్సినవి కొన్ని. 'హెచ్‌డీఎంఐ ఇన్ఫో డిస్‌ప్లే' ఆఫ్. లేకపోతే బ్యాటరీ గుర్తు, ఫోకస్ గళ్లు కూడా లైవ్‌లో వస్తాయి. పాల్ మోడ్, షట్టర్ 50వ వంతు, మన దీపాల మిణుకు దీనితో పోతుంది. అమెరికాలో అయితే ఎన్‌టీఎస్‌సీ, 60వ వంతు. 'పవర్ సేవ్' ఆఫ్. 'ఆటో పవర్ ఆఫ్ టెంపరేచర్' హై. ఈ కెమెరాలో ఫ్యాన్ లేదు. మే నెలలో బెజవాడ షాపులో దీపాల వేడి కూడా తోడైతే గంట తర్వాత ఆగిపోగలదు. హెచ్‌డీఎంఐని 1080పీలో పెట్టి, కార్డులో రికార్డు చేయకుండా, స్క్రీన్‌ను పక్కకు తెరిచి ఉంచితే వేడి బాగా తగ్గుతుంది.

ఎన్‌పీ-ఎఫ్‌డబ్ల్యూ50 బ్యాటరీ గంటన్నర, రెండు గంటల మధ్య చేతులెత్తేస్తుంది. డమ్మీ బ్యాటరీ పెట్టి గోడ ప్లగ్గుకు తగిలించమని అందరూ చెబుతారు. కరెంటు పోతే మాత్రం లైవ్ మధ్యలో కెమెరా ఆరిపోతుంది. జెడ్‌వీ-ఈ10లో అంతకన్నా మంచి దారి ఉంది. అసలు బ్యాటరీని నిండుగా ఛార్జ్ చేసి లోపలే ఉంచి, మెనూలో 'యూఎస్‌బీ పవర్ సప్లై' ఆన్ చేసి, టైప్-సీ నుంచి కరెంటు ఇవ్వండి. కరెంటు పోయినా బ్యాటరీ అందుకుంటుంది. రౌటర్ ఇన్వర్టర్ మీద ఉందో లేదో కూడా చూసుకోండి.

హెచ్‌డీఎంఐ దారిలో బొమ్మ మాటకన్నా వెనకబడుతుంది. ఒకసారి చప్పట్లు కొట్టి రికార్డు చేసి, చేతులు కలిసిన ఫ్రేముకీ చప్పుడుకీ మధ్య ఎన్ని ఫ్రేములున్నాయో లెక్కపెట్టండి. 25 ఫ్రేముల వీడియోలో ఒక్కోటి 40 మిల్లీసెకన్లు. మూడు ఫ్రేములైతే 120. ఓబీఎస్ 'అడ్వాన్స్‌డ్ ఆడియో ప్రాపర్టీస్'లో మైకు పక్కన 'సింక్ ఆఫ్‌సెట్'లో ఆ అంకె వేయండి. కాలర్ మైకును కెమెరాకే గుచ్చి, క్యాప్చర్ కార్డ్ ఆడియోనే వాడితే ఈ లెక్క దాదాపు అవసరమే ఉండదు.

ఇవన్నీ వద్దనుకుంటే జేబులోని ఫోన్ ఉంది. దాని వెనక కెమెరా చాలా వెబ్‌క్యామ్‌ల కన్నా మేలు. ఐఫోన్ ఎక్స్‌ఆర్ గానీ ఆ తర్వాతిది గానీ ఉండి, మ్యాక్‌లో 2022 నాటి వెంచురా లేదా కొత్తది ఉంటే 'కంటిన్యుటీ కెమెరా' దానంతటదే వస్తుంది. ఆండ్రాయిడ్‌కు డ్రాయిడ్‌క్యామ్, ఇరియన్ లాంటివి ఉన్నాయి. స్టాండు కొని, పాఠం మధ్యలో కాల్ రాకుండా చూసుకుంటే వీణ టీచర్లకు ఇదీ చాలు.

చీరల షాపుకు జెడ్‌వీ-ఈ10ను పాతది కొనే ఆలోచన ఉంటే ఒకటి తప్పకుండా చూడండి. మైక్రో హెచ్‌డీఎంఐ రంధ్రం చాలా సున్నితం, తీగ లాగుళ్లకు వదులైపోతుంది. మీ తీగనే వెంట తీసుకెళ్లి టీవీకి తగిలించి, బొమ్మ వస్తుండగా ప్లగ్గును మెల్లగా పైకీ కిందికీ కదపండి. టీవీ ఒక్కసారి నల్లబడినా ఆ కెమెరా వదిలేసి రండి.